గట్ల పెద్ద పనికి సుంకమ్మ దరఖాస్తు

స్వాతి కార్తె, రెండో రోజు. ఉడుముల గట్టు.

తెల్లవారేసరికి మబ్బు గట్టు ఎక్కింది. మబ్బులోంచి నీళ్లు పట్టే మా వలల్లో మొదటి మూడు వరసలు బాగా తడిశాయి. నాలుగో వరసలో కింది అంచు వదులై, నీళ్లు కిందనున్న దోనె తొట్టిలోకి పడకుండా రాళ్ల మీద పడుతున్నాయి. నేను నిచ్చెన తెచ్చేలోపే నక్కల గట్టు నుంచి సుంకమ్మక్క వచ్చి పని మొదలుపెట్టింది. వాళ్ల గట్టు మీద నిలబడితే మా నాలుగో వరస కనబడుతుంది. కనబడితే ఆమె ఆగదు.

గట్టు నమోదులో "నాలుగో వరస బాగయింది" అని మాత్రం రాశాను. పక్క గట్టువాళ్లు వచ్చి చేసేది బదులు పని. దానికి పేరు రాయం. వాళ్లకు అవసరం పడితే మనం పోతాం. ఇది నా సొంత రాత కాబట్టి ఇక్కడ పేరు రాస్తున్నాను.

ఆమె ఇంకా నిచ్చెన మీద ఉండగానే, కబుర్లు వచ్చే నా పలకలో దిగువ నీటి సంఘం ప్రకటన వచ్చింది. అయిదు గట్లకూ కలిపి ఒక పెద్ద ఉంటాడు. ఏ గట్టు వలలు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఏ గొట్టంలోకి ఎన్ని నీళ్లు వదలాలో అతను చెబుతాడు. ఇన్నాళ్లూ ఉన్న బాలపుల్లయ్య మోకాళ్లు అరిగి దిగువకు వెళ్లిపోయాడు. కొత్త మనిషి కావాలి. ప్రకటనలో మూడు సంగతులు అడిగారు. ఒకటికి మించిన గట్లలో పని చేసి ఉండాలి. కష్టం వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పాలి. పదిమంది చేత పని చేయించి ఉండాలి. గట్లవాళ్లలో తగినవాళ్లు లేకపోతే దిగువవాళ్లను తీసుకుంటారు.

ఒకసారి అలా దిగువ మనిషే వచ్చాడు. మంచివాడే. గాలి సంగతి తెలియక అయిదు గట్ల వలలూ ఒకేసారి ఎత్తించాడు. ఆ చలికాలమంతా చినిగిన వలలు కుట్టడంతోనే సరిపోయింది. దిగువ ఊళ్లు తాగే నీళ్లు చెంబులతో పంచుకున్నాయి.

ప్రకటన పైకి చదివి వినిపించాను. సుంకమ్మక్క నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంది.

"నేను పెడతా మద్దిలేటీ."

"నువ్వు పెట్టకుంటే ఇంకెవురు పెడతారక్కా."

"ఎవురన్నా పెట్టుకోనీ. నాకు కావల్ల ఆ పని."

ఆమె నోట "నాకు కావల్ల" అనే మాట నేను అంతకుముందు వినలేదు.

స్వాతి, అయిదో రోజు.

మబ్బు రాలేదు. వలల్లో ఇరుక్కున్న ఎండుటాకులు దులిపాం.

దరఖాస్తును ముందుగా చదివేది మనిషి కాదు, చదువరి. అది సంఘంవారి యంత్రం. గడువు లోపల దానికి ఎన్నిసార్లయినా చూపించుకోవచ్చు. చదివి, తనకు అర్థమైంది రెండు మూడు ముక్కల్లో చెబుతుంది. నచ్చకపోతే మార్చుకోవచ్చు. పద్ధతి మంచిదే.

రాసిపెట్టే యంత్రం కూడా పలకలోనే ఉంది. ఈ రోజుల్లో దరఖాస్తు ఎవరూ చేత్తో రాసుకోరు. నేను దాన్ని తెరిచి ఆమె పేరు, వయసు, గట్టు చెప్పాను. క్షణంలో పేజీ నిండింది. "నీటి నిర్వహణలో అపారమైన అనుభవం, దూరదృష్టి గల నాయకత్వం, ఎంతటి సవాలునైనా చిరునవ్వుతో ఎదుర్కొనే సంకల్పబలం నా సొంతం" అని మొదలైంది.

సుంకమ్మక్క రెండుసార్లు చదివించుకుంది.

"ఎవురబ్బా ఈమె? యాడుంటాది?"

"నువ్వే అక్కా."

"నాకు చిరునవ్వు ఎప్పుడు చూసినావు? ఈమె యాడన్నా కనపడితే చెప్పు, మన గట్టుకు పెట్టుకుందాం."

అయినా చదువరికి ఒకసారి చూపించమంది. చదువరి ఇలా చెప్పింది: "ఇలాంటి దరఖాస్తులు ఈ పనికి చాలా వచ్చాయి. ఈ మనిషి ఏం పని చేస్తారో తెలియలేదు."

"చూస్తివా, దానిగ్గూడా తెలీలేదంట" అంటూ లేచి వెళ్లిపోయింది.

స్వాతి, తొమ్మిదో రోజు.

మబ్బు దట్టంగా వచ్చింది. దోనెలు నిండి పొర్లాయి. మధ్యాహ్నం దాకా గొట్టాలు మార్చడమే పని.

సాయంత్రం సుంకమ్మక్క తను రాసింది తెచ్చింది. బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఆమె రాసిన తీరు చూడాలి. ప్రకటనలో అడిగిన ఒక్కొక్క మాటను విడిగా పైన రాసుకుంది. దాని కిందే జవాబు. అడగనిది ఒక్కటీ లేదు. నాలుగేళ్ల కిందట సంఘంవాళ్లు దిగువకు పిలిచి ఆమెకు శాలువా కప్పారు. ఆ మాట రాయలేదేమని అడిగాను.

"శాలువా ఉందా లేదా అని అడిగినారా వాళ్లు?" అంది.

చదువరికి చూపించాం. "ఈమె ఒకే గట్టులో పని చేశారు. చెప్పుకోదగ్గ కష్టం ఏదీ రాలేదు. పదిమంది చేత పని చేయించిన ఆధారం లేదు."

సుంకమ్మక్క కొంగుకు పట్టిన పల్లేరు కాయలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది.

"కష్టం ఏదీ రాలేదంట. రానిస్తే గదా" అంది చివరికి.

నిజమే. ఆమె చేతి కింద నక్కల గట్టు వల ఎన్నడూ చినగలేదు. బూరుగు గట్టు చూసే కాశింబీ దగ్గర మూడు గాలివానల కథలున్నాయి. వల ఎలా చినిగింది, ఎవరు కొట్టుకుపోబోయారు, ఎలా నిలబెట్టారు అని చెబుతుంటే పిల్లలు అన్నం మరిచిపోతారు. సుంకమ్మక్కకు కథలు లేవు.

"ఒకే గట్టు అంటాదేందక్కా అది? మా గట్టు మీద నువ్వు చెయ్యని వరస ఉందా? తూముల గట్టు దోనెలన్నిటికీ వాలు సరిచేసింది నువ్వే. జెండా గట్టు..."

"అవన్నీ బదులు."

"అయితే రాయకూడదా?"

"చెప్పుకుంటే అడిగినట్టే గదా మద్దిలేటీ."

గట్ల మీద అందరం అలాగే పెరిగాం. చేసిన బదులు పైకి చెప్పుకున్నామంటే తిరిగి చెయ్యమని అడిగినట్టు. అవతలివాళ్లు ఆ పని తిరిగి చేశాక మనం "చెల్లు" అంటాం. అప్పుడు అది మామూలు సంగతి అవుతుంది, ఎవరైనా ఎక్కడైనా చెప్పుకోవచ్చు. అంతవరకూ నోరు మెదపకూడదు. సుంకమ్మక్క చేసినవన్నీ అలాగే ఉండిపోయాయి. ఆమె వలలు చినగవు కాబట్టి తిరిగి చేసే అవకాశం ఎవరికీ రాలేదు.

విశాఖ కార్తె, మొదటి రోజు.

పడమటి గాలి. పై రెండు వరసలు దించాం.

రెండో జవాబు ఆమె తిరగరాసింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, దాచుకోదగ్గదని.

"మా గట్టు మీద వల చినగలేదు. చినిగే ముందు వల చెబుతుంది. తడి వల అంతా గాలికి ఒకే మాదిరి మోగాలి. ఒకచోట మోత మారితే అక్కడ ముడి జారుతోందని తెలుసుకుంటాను. పెద్ద గాలికి ముందు గద్దలు గట్టు విడిచి లోయలోకి దిగుతాయి. అప్పుడు పై వరసలు దించి, కింది వరసలు ఉంచుతాను. అన్నీ దించితే వల దక్కుతుంది, నీళ్లు పోతాయి. ఒకసారి ఆ గుర్తు చూసి దించాను, గాలి రాలేదు. ఆ పూట నీళ్లు పోయాయి, దిగువవాళ్లు తిట్టారు. అదే గుర్తు మళ్లీ కనబడితే మళ్లీ దించుతాను."

నేనైతే లేని గాలివానను ఒకదాన్ని కల్పించేవాణ్ని. లేదా కాశింబీ వలలతో పోల్చి చూపించేవాణ్ని. ఆమె రెండూ చెయ్యలేదు. జరగని నష్టాన్ని చూపించలేం. అది జరగబోతోందని ఎలా తెలుస్తుందో చూపించవచ్చు. ఇన్నేళ్లు పక్కనే పని చేసిన నాకు ఆ గద్దల సంగతి ఇవాళ దరఖాస్తులో చదివితే తెలిసింది.

చదువరి అంది: "కష్టాన్ని ముందే గుర్తించి ఆపుతారు. ఒకసారి అంచనా తప్పింది, దాచలేదు. నమ్మదగిన జవాబు. మిగతా రెంటికీ ఆధారం లేదు."

గడువు దగ్గర పడుతోంది.

విశాఖ, మూడో రోజు.

మా గట్టు అన్నిటికీ నడుమ ఉంటుంది. అందుకని మాటలు ఏమున్నా మా పాకలోనే. ఈరోజు కాశింబీ, జెండా గట్టు గిడ్డయ్య మామ వచ్చారు. గిడ్డయ్య మామ అయిదు గట్లలోకీ పెద్ద వయసువాడు. ఇప్పుడు నిచ్చెన ఎక్కడు, తాళ్లు పేనుతాడు. సంగతి నేనే వాళ్లకు చెప్పాను. సుంకమ్మక్క నన్ను ఒక చూపు చూసింది.

"రాసుకోమ్మా, నాలుగు గట్ల పనీ రాసుకో" అన్నాడు గిడ్డయ్య మామ. "మేమేమన్నా అనుకుంటామా?"

"మీరు అనుకోరు మామా. రేపు కాశింబీ నా గట్టుకు పనికొచ్చిందనుకో. బదులుకొచ్చిందా, నేను ఊరంతా చాటినానని సిగ్గుపడి వచ్చిందా? ఎట్ల తెలుస్తాది?"

"నాకు సిగ్గెక్కడిది" అంది కాశింబీ. "రాసేదానికి ఏమన్నా ఉంటే నేనే పెట్టుకుందునే దరఖాస్తు. పెడదామని కూర్చున్నా గూడా. కష్టంలో ఏం చేసినావంటే ఏం రాసేది? వల చినిగింది, సుంకమ్మక్క వచ్చి కుట్టిందని రాయాల."

"ఆ గాలివాన కథలన్నీ ఏమైనాయి?" అన్నాడు గిడ్డయ్య మామ.

"కథలు కథలే మామా. కుట్టు కుట్టే."

నేను టీ పోశాను. కాశింబీ మళ్లీ అంది: "ఈమె తీర్చనిస్తే గదా. పదేండ్లుగా చూస్తాండా, ఒక్క ముడన్నా జారి చావదు ఆ గట్టు మీద."

"పోయి ఒక వల చించి రాపో" అన్నాడు గిడ్డయ్య మామ. "పుణ్యముంటాది."

ముగ్గురం నవ్వాం. సుంకమ్మక్క నవ్వలేదు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉంది.

"ఉత్తరం భుజం ఖాళీగా ఉండాది" అంది.

నక్కల గట్టుకు ఉత్తరాన రాతి భుజం ఒకటి ఉంది. మబ్బు ముందుగా తగిలేది దానికే. అక్కడ స్తంభాలు నిలబెట్టి వరస కట్టడం ఒక గట్టు మనుషులతో అయ్యేది కాదు. అందుకే ఎవరూ దాని జోలికి పోలేదు.

"పాత స్తంభాలు నా దగ్గరున్నాయి. వల ఉంది. ఎల్లుండి నాలుగు గట్లవాళ్లూ రాండి. మీ బదులంతా ఒక్కసారే తీసుకుంటా."

గిడ్డయ్య మామ ఆమె ముఖంలోకి చూశాడు. "ఇన్నేండ్లకు నోరు తెరిచి అడిగినావు."

"గడువుంది మామా" అంది.

విశాఖ, అయిదో రోజు. నక్కల గట్టు.

అందరూ వచ్చారు. ఏ పూటైనా వలల దగ్గర ఒక్కొక్కరు ఉండాలి కాబట్టి వాళ్లను వదిలి మిగతావాళ్లంతా.

అయిదు గట్ల మనుషులు ఒకచోట పని చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు. ఒక్కో గట్టుది ఒక్కో చేతి వాటం. మా ఉడుముల గట్టు మీద గాలి తక్కువ, తాడు బిర్రుగా లాగడం అలవాటు. బూరుగు గట్టువాళ్లు గాలికి భయపడి వదులుగా కడతారు. ఎవరికి వాళ్లను వదిలేస్తే వరస వంకర పోతుంది. సుంకమ్మక్క మమ్మల్ని గట్ల వారీగా నిలబెట్టలేదు. ఒక్కో స్తంభం దగ్గర ఒక బిర్రువాణ్ని, ఒక వదులువాణ్ని కలిపి పెట్టింది. వాళ్లిద్దరూ పోట్లాడుకుని మధ్యకు వచ్చారు. నాకు జోడు కాశింబీ తమ్ముడు. "లాగింది చాలు, అది తాడు, ఎద్దు కాదు" అని పొద్దంతా నన్ను తిట్టాడు. మా స్తంభం నిటారుగా నిలబడింది.

ఆమె గొంతు పెంచలేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూ ఉండిపోయింది. ఎవరి దగ్గర ఆగితే వాళ్లు ఏదో తప్పు చేస్తున్నారని వాళ్లకే అర్థమయ్యేది. గిడ్డయ్య మామను రాయి మీద కూర్చోబెట్టి తాళ్ల కొసలన్నీ ఆయన చేతుల మీదుగా పోయేలా చూసింది. లోపల పీచు తెగిన తాడు ఆయన వేళ్లకు దొరుకుతుంది. రెండు దొరికాయి.

మధ్యాహ్నం, వల సగం ఎక్కాక, దించమంది. అందరూ ముఖాలు చూసుకున్నారు. గాలి ఆకు కదిలేంత కూడా లేదు. తూముల గట్టువాడొకడు గొణిగాడు. నేను లోయలోకి చూశాను. గద్దలు దిగుతున్నాయి. దించి, మడతపెట్టి, రాళ్లు పెట్టి, అన్నం తినడానికి కూర్చున్నాం. ముద్ద నోట్లోకి పోయేలోపు గాలి వచ్చింది. ఒకరి పళ్లెం ఎగిరి లోయలో పడింది. గొణిగినవాడిదే. ఆమె తన పళ్లెం వాడికిచ్చి ఆకులో పెట్టుకుంది.

గాలి పోయాక మళ్లీ ఎక్కించాం. పొద్దు వాలేసరికి ఉత్తరం భుజం మీద వరస నిలబడింది.

పోయే ముందు ఆమె ఒక్కో గట్టు మనుషుల దగ్గరికీ వెళ్లి "చెల్లు" అంది. నా దగ్గరా అంది. నాకు కొంచెం వెలితిగా అనిపించింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను.

విశాఖ, ఏడో రోజు.

కొత్త వరస కింద దోనె ఈరోజే నిండిందని కబురు.

దరఖాస్తు పూర్తి చేసింది. ఇప్పుడు అడ్డు లేదు కాబట్టి పేజీలు నింపుతుందనుకున్నాను. మొదటి జవాబులో గట్టుకు ఒక వాక్యం. ఏం చేసింది, ఎందుకు చెయ్యాల్సి వచ్చింది, ఇప్పుడు ఎలా ఉంది. దేనికీ "ఎంతో", "ఎన్నో" లేవు. మూడో జవాబులో ఉత్తరం భుజం. "జోడులు ఎలా కలిపానో కింద రాశాను. ఒక జోడు కుదరలేదు, అన్నం తర్వాత మార్చాను" అని కూడా రాసింది. ఆ జోడు సంగతి మేమెవరం గమనించలేదు. ప్రతి పనికీ పక్కన, చూసినవాళ్ల పేరు, వాళ్ల పలక గుర్తు రాసింది. నా పేరూ ఉంది.

పైకి చదివి ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ వాక్యాన్ని రెండుగా విరిచింది. శాలువా ఇప్పుడూ లేదు.

చదువరి అంది: "అయిదు గట్లూ తెలుసు. కష్టాన్ని ముందే ఆపుతారు. అయిదు గట్లవారి చేత ఒకే పని చేయించారు. అడిగిన మూడింటికీ ఆధారం ఉంది."

ఆమె వేలు ఒక్క క్షణం ఆగి, పంపే గుర్తు మీద పడింది.

విశాఖ, పదో రోజు.

సంఘం నుంచి ఒక మనిషే నాతో మాట్లాడాడు, యంత్రం కాదు. సుంకమ్మ గారు రాసినవి నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. తర్వాత, ఆమెను తీసుకుంటే మీకు వచ్చే నష్టం ఏమిటి అని అడిగాడు. అలా అడుగుతాడనుకోలేదు. ఏమీ లేదని చెప్పేయవచ్చు, చెప్పలేకపోయాను.

"నక్కల గట్టు చూసే మనిషి ఉండదు. అలాంటి మనిషి దొరకడం కష్టం" అన్నాను.

అతను రాసుకున్నాడు. ఆమె పనిని నేనే చెడగొట్టానేమో అని రోజంతా అదే ఆలోచన. ఆమెతో చెబితే, "అడిగింది చెప్పినావు, ఇంకేం" అంది.

అనూరాధ కార్తె, రెండో రోజు.

సుంకమ్మక్కకు పని వచ్చింది.

కబురు తెలిసేసరికి ఆమె దోనె కడుగుతోంది. పలక అందిస్తే తడి చేత్తో పట్టుకోనని నన్నే చదవమంది. చదివాను. సరేనని దోనె కడగడం ముగించింది. తర్వాత వెళ్లి ఉత్తరం భుజం మీద ఒంటరిగా కాసేపు కూర్చుంది. నేను అటు పోలేదు.

అనూరాధ, ఆరో రోజు.

నక్కల గట్టుకు మనిషి కావాలని ప్రకటన వచ్చింది. గట్ల పెద్దగా సుంకమ్మక్క రాసిన మొదటి రాత అదే. పొద్దున అందరం మా పాకలో ఉండగా కాశింబీ పైకి చదివింది. చివర ఇలా ఉంది: "మీ గట్టులోనే కాక పక్క గట్లలో చేసిన బదులు కూడా రాయండి. చెల్లు కాకపోయినా రాయండి. ఇక్కడ రాసినంత మాత్రాన అడిగినట్టు కాదు."

"ఎవురు చెప్పినారు కాదని?" అన్నాడు గిడ్డయ్య మామ.

"గట్ల పెద్ద చెప్పింది" అంది కాశింబీ. గట్ల పెద్ద ఎదురుగా కూర్చుని వల ముడి సరిచేస్తోంది. తలెత్తలేదు.

గిడ్డయ్య మామ పేనుతున్న తాడు ఒళ్లో పెట్టుకున్నాడు. చీవాట్లు పెడతాడనుకున్నాం.

"అట్లయితే నేను పెడతా" అన్నాడు.

"ఏం పెడతావు మామా?"

"దరఖాస్తు. నక్కల గట్టుకు. ఆ గట్టు మీద మొదటి స్తంభాలు నాటింది నేను. ఈమె పుట్టకముందు. రాయి తొలిచి, ఒక్కణ్ణే. జెండా గట్టు నుంచి బదులుకు పోయినా. ఆ కాలపు గట్టోళ్లు బదులు తీర్చకుండానే దిగువకు పోయినారు, అక్కడే పోయినారు. ఇంకెవురికి చెప్పుకునేది?"

ఆ స్తంభాలు ఎవరు నాటారని మేమెవరం ఏనాడూ అడగలేదు. అవి గట్టుతోపాటే ఉన్నట్టు ఉండేవి.

"ఎక్కలేను, దిగలేను, నన్ను తీసుకోవద్దులే" అన్నాడు. "రాస్తే చాలు."

సుంకమ్మక్క వల పక్కన పెట్టి పలక తీసుకుంది. వచ్చి ఆయన ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"చెప్పు మామా. మొదట ఏ స్తంభం?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మబ్బు వచ్చి వలలు తడిసేదాకా ఆపలేదు.